బరోక్ కండక్టర్ కావాలంటే ముందు బేస్ వరుస వాయించాలి

ఒక తండ్రి అడిగిన ప్రశ్న: "మా అమ్మాయికి పదిహేడేళ్ళు. ఇంటర్ ఎంపీసీ చదువుతోంది. హైదరాబాద్‌లోనే పియానో నేర్చుకుని ఎనిమిదో గ్రేడ్ పాసైంది. ఎప్పుడు చూసినా బాఖ్, హాండెల్ సంగీతమే వింటుంది. బరోక్ సంగీతం నడిపించే కండక్టర్ అవుతానంటోంది. అసలు అలాంటి ఉద్యోగం ఉందా? ఎలా మొదలుపెట్టాలి? ఇది నమ్ముకుని ఇంజనీరింగ్ మానిపించవచ్చా?"

నమస్కారమండీ. నేను కండక్టర్ని కాను, వాళ్ళ ఎదురుగా కూర్చుని వాయించేవాణ్ణి. విజయవాడలో చాప మీద కూర్చుని వయొలిన్ నేర్చుకున్నాను. వర్ణాలు, కృతులు అయ్యాక ఇరవై రెండో ఏట నెదర్లాండ్స్ వచ్చి బరోక్ వయోలా (వయొలిన్ కన్నా కొంచెం పెద్దది, గొంతు కిందిది) పట్టుకున్నాను. ఇరవయ్యేళ్ళకు పైగా అదే నా జీవనం. వయోలాలు కూర్చునే చోటునుంచి కండక్టర్ చెయ్యి, హార్ప్సికార్డ్ (పియానోకు ముందరి, తీగలు మీటే కీబోర్డు వాద్యం) వాయించేవారి ముఖం రెండూ కనిపిస్తాయి. మీ అమ్మాయికి నేను చెప్పేదంతా ఆ కుర్చీలోంచి చూసి తెలుసుకున్నదే.

ఆ పని ఉంది. కాకపోతే దానికి ఎవరో ప్రకటన వేసి దరఖాస్తులు పిలవడం చాలా అరుదు. ఇవాళ ఈ రంగంలో పెద్ద పేర్లుగా చెప్పుకునేవాళ్ళలో ఎక్కువమంది ముందు ఒక వాద్యం పట్టుకున్నారు, తర్వాత నలుగురు స్నేహితుల్ని కూడగట్టి సొంత బృందం కట్టుకున్నారు, ఆ బృందం పెరిగి పెద్దదయ్యాక లేచి ముందు నిలబడ్డారు. "కండక్టింగ్ కోర్సు ఎక్కడుంది" అని వెతకడంతో మొదలుపెడితే దారి తప్పుతారు. మీకు నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే.

దీనికి కారణం ఆ సంగీతంలోనే ఉంది. బరోక్ అంటే సుమారుగా 1600 నుంచి 1750 దాకా నడిచిన కాలం. మాంటెవర్డీ, లుల్లీ, పర్సెల్, వివాల్డీ, హాండెల్, బాఖ్ ఆ కాలం స్వరకర్తలు. చేతిలో పుల్ల పట్టుకుని, ఏ వాద్యమూ వాయించకుండా, జనానికి వీపు పెట్టి నిలబడే మనిషి అప్పట్లో దాదాపు లేడు. ఆ పద్ధతి పందొమ్మిదో శతాబ్దంలో స్థిరపడింది. అంతకుముందు హార్ప్సికార్డ్ దగ్గర కూర్చున్నవారో, మొదటి వయొలిన్ వాయించేవారో నడిపించేవారు. ఫ్రాన్సులో లుల్లీ పొడవాటి కర్రతో తాళం వేసేవాడు. 1687 జనవరిలో అలా వేస్తుండగా కర్ర కాలికి తగిలి, గాయం కుళ్ళి, మార్చిలో చనిపోయాడు. బాఖ్ విషయంలో అయితే కళ్ళారా చూసినవాళ్ళ మాటే ఉంది. లైప్‌జిగ్‌లో ఆయన పనిచేసిన స్కూలుకి కొన్నాళ్ళు అధిపతిగా ఉన్న గెస్నర్ 1738లో రాశాడు: ముప్ఫై నలభై మందిలో ఒకరికి తల ఊపి, ఒకరికి కాలితో తాళం వేసి, ఇంకొకరికి వేలు చూపించి, అందరినీ వరసలో పెడుతూ తను కూడా వాయించేవాడట. బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ కూడా ఒక ఉత్తరంలో చెప్పాడు, నాన్నగారు హార్ప్సికార్డ్ దగ్గర కన్నా వయొలిన్ పట్టుకున్నప్పుడే బృందం బాగా అదుపులో ఉండేదని.

కూచిపూడి ప్రదర్శన చూసినవాళ్ళకు ఇది అర్థం కావడం కష్టం కాదు. నట్టువాంగం చేసేవారు తాళాలు పట్టుకుని, జతులు పలుకుతూ, వాద్యబృందంతో కలిసి కూర్చునే నాట్యాన్నీ పాటనూ మృదంగాన్నీ ఒక్క తాటి మీద నడిపిస్తారు. వారిని లేపి ఎదురుగా నిలబెట్టి "చేతులు మాత్రం ఊపండి" అంటే పట్టు సగం పోతుంది. బరోక్ నాయకత్వం కూడా అలాగే సంగీతం లోపల కూర్చుని చేసే పని.

నాకు ఇది తెలిసొచ్చిన రోజు బాగా గుర్తు. ఇక్కడ చదువుకుంటున్న రెండో ఏడు నలుగురు గాయకుల్నీ ఎనిమిది మంది వాద్యకారుల్నీ కూడగట్టి ఒక చిన్న చర్చిలో బాఖ్ కంటాటా (గాయకులూ వాద్యాలూ కలిసి వినిపించే, పలు భాగాల కృతి) పెట్టాను. స్కోరు (అందరి వరుసలూ ఒకేచోట రాసిన ప్రతి) కంఠతా పట్టాను. అద్దం ముందు చేతులు ఊపి సాధన చేశాను. రిహార్సల్లో రెండో నిమిషానికే చూశాను, చెలో (వయొలిన్ కుటుంబంలో పెద్ద, మంద్ర వాద్యం) వాయించే అమ్మాయీ ఆర్గన్ అబ్బాయీ ఒకరి ఊపిరి ఒకరు విని వాయించుకుంటున్నారు, మిగతావాళ్ళు వాళ్ళను పట్టుకుని పోతున్నారు. నా చేతిని ఎవరూ చూడలేదు. చూడాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు. వెనక బెంచీలో కూర్చున్న మా గురువుగారు విరామంలో వచ్చి, "వయోలా తీసి వాళ్ళ మధ్య కూర్చో, అక్కణ్ణుంచి ఏం మారుస్తావో చూద్దాం" అన్నారు. కూర్చున్నాను. పాట ఆ సాయంత్రమే కుదిరింది. కండక్టర్ కావాలన్న కోరిక మాత్రం నాకు అంతటితో తీరిపోయింది.

ఈ వృత్తి మొత్తం ఆకారం ఒక్క జీవితంలో చూడాలంటే నేను నికోలాస్ హార్నన్‌కూర్‌ను చూపిస్తాను. 1929లో బెర్లిన్‌లో పుట్టాడు, పెరిగింది ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో. నేర్చుకున్నది చెలో. 1952లో వియన్నా సింఫనీ ఆర్కెస్ట్రాలో చెలో వాద్యకారుడిగా చేరి, 1969 దాకా ఆ వరుసలోనే కూర్చున్నాడు. అంటే పదిహేడేళ్ళు ఇంకొకరి చెయ్యి చూసి వాయించాడు. 1953లో భార్య ఆలిస్‌తో, మరికొందరు స్నేహితులతో కలిసి కాన్సెంటస్ మూజికస్ అనే బృందం మొదలుపెట్టాడు. ఆలిస్ వయొలిన్ వాద్యకారిణి, చాలా ఏళ్ళు ఆ బృందాన్ని ముందుండి నడిపింది ఆవిడే. వాళ్ళు జనం ముందుకి వచ్చింది 1957లో. మధ్యలో నాలుగేళ్ళు సాధన చేశారు. పాత వాద్యాలు వెతకడం, పాత రాతప్రతులు చదవడం, ఏ స్వరం ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ వదలాలి అని వాదించుకోవడం, మళ్ళీ వాయించడం. ఆ నాలుగేళ్ళూ ఇల్లు నడిచింది ఆర్కెస్ట్రా జీతం మీద. మీ ఇంజనీరింగ్ ప్రశ్నకు ఈ వాక్యం దగ్గర ఒక గుర్తు పెట్టుకోండి.

బాఖ్ పాషన్లు అంటే ఏసు శ్రమల కథను పాడి చెప్పే పెద్ద కృతులు; వాటిలో 1965లో యోహాను సువార్త పాషన్, 1970లో మత్తయి సువార్త పాషన్ పాత వాద్యాలతో రికార్డు చేశారు. తర్వాత డచ్చి హార్ప్సికార్డ్ విద్వాంసుడు గుస్టావ్ లియోన్‌హార్ట్‌తో పని పంచుకుని, దొరికిన బాఖ్ చర్చి కంటాటాలన్నిటినీ, దాదాపు రెండు వందలు, రికార్డు చేసే పనికి పూనుకున్నారు. అది పూర్తవడానికి ఇంచుమించు ఇరవయ్యేళ్ళు పట్టింది. ఆ మొదటి రికార్డులు ఇప్పుడు వింటే కొన్నిచోట్ల కొమ్ము వాద్యం స్వరం తప్పుతుంది, బాలుర గొంతులు శ్రుతి జారతాయి. కవాటాలు లేని కొమ్ము మీద పెదవులతోనే స్వరం పట్టాలి. అది వాయించగలిగేవాళ్ళు అప్పటికింకా తయారవుతున్నారు. అయినా మీ అమ్మాయికి నేను మొదట వినిపించేది అవే. తర్వాత వచ్చిన నున్నని రికార్డులన్నీ వీళ్ళు వేసిన దారి మీదే నడిచాయి.

హార్నన్‌కూర్ మిలాన్‌లోని లా స్కాలాలో మాంటెవర్డీ ఒపేరా నడిపించడానికి నిలబడింది 1972లో. అప్పటికి నలభై రెండేళ్ళు. 1975లో ఆమ్‌స్టర్‌డామ్ కాన్సర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రా పిలిచింది, అదే ఏడు జూరిక్‌లో మాంటెవర్డీ ఒపేరాల వరుస మొదలైంది. పెద్ద ఆధునిక ఆర్కెస్ట్రాలు ఆయన్ని పిలిచింది బాగా చేతులు ఊపుతాడని కాదు, తమకు తెలియని విషయం ఆయనకు తెలుసని. తర్వాత మోట్సార్ట్, బేతోవెన్, చివరికి వియన్నా ఫిల్‌హార్మోనిక్ నూతన సంవత్సర కచేరీలు, 2001లో ఒకసారి, 2003లో మరోసారి. 2001 కచేరీని అందరూ చప్పట్లు కొట్టే రాడెట్‌స్కీ మార్చ్ అసలు పాఠంతో మొదలుపెట్టాడు. వాల్ట్జ్‌ల సంబరంలో కూడా రాతప్రతి దగ్గరికి వెళ్ళి చూసే అలవాటు పోలేదన్నమాట. ఆయన పుల్ల పట్టుకోలేదు, ఉత్త చేతులతో, కళ్ళతో నడిపించాడు. 2015 డిసెంబర్ 5న, ఎనభై ఆరో పుట్టినరోజుకు ముందు రోజు, శరీరం సహకరించడం లేదు కాబట్టి విరమించుకుంటున్నానని శ్రోతలకు చేతిరాతతో ఒక ఉత్తరం రాస్తే దాన్ని కచేరీ కార్యక్రమపత్రంలో పెట్టి పంచారు. మూడు నెలలకు, 2016 మార్చి 5న, కన్నుమూశాడు.

ఇక ఆయనకు తెలిసి పెద్ద ఆర్కెస్ట్రాలకు తెలియనిదేమిటి? మీ అమ్మాయి నిజంగా నేర్చుకోవాల్సింది అదే, అందుకని ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన సంగీతంలో స్వరలిపి పుస్తకం తెరిస్తే తోడి రాగంలో "గ" అని ఒక్క అక్షరం ఉంటుంది. ఆ అక్షరం చూసి తోడి గాంధారం పలకగలిగినవాళ్ళు పుట్టలేదు. గురువు నోట విన్నవాళ్ళకే ఆ కంపితం వస్తుంది. బరోక్ స్కోరు కూడా అచ్చం అలాంటిదే. వేగం, బలం, ఎక్కడ అలంకారం వెయ్యాలన్నది చాలాసార్లు రాయరు. బాఖ్, హాండెల్ కాలపు సంగీతకారులకు ఆ అలవాటు ఊపిరిలా ఉండేది కాబట్టి రాయాల్సిన పని లేదు. మధ్యలో ఆ గురుపరంపర తెగిపోయింది. మన అదృష్టం ఏమిటంటే మన తోడి తెగలేదు. వాళ్ళు మాత్రం తెగిన తాడును పాత పాఠ్యగ్రంథాల్లోంచి, పాత వాద్యాల్లోంచి మళ్ళీ పేనుకోవాల్సి వచ్చింది. వేణువు నేర్చుకునేవారికోసం క్వాంట్జ్ 1752లో అచ్చువేయించిన గ్రంథం వేగాన్ని మనిషి నాడితో కొలవమంటుంది, నిమిషానికి సుమారు ఎనభై కొట్టుకునే నాడితో. ఇమాన్యుయెల్ బాఖ్ కీబోర్డు గురించి 1753లో, మోట్సార్ట్ తండ్రి లియోపోల్డ్ వయొలిన్ గురించి 1756లో అలాంటి గ్రంథాలే వేశారు. బరోక్ కండక్టర్ పని సగం ఈ కాగితాల మధ్యే జరుగుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మత్తయి సువార్త పాషన్‌లో సువార్తికుడు కథ చెబుతూ పాడే భాగాల కింద బేస్ (అన్నిటికన్నా కింది) స్వరాన్ని బాఖ్ స్కోరులో పొడవుగా, ఎడతెగకుండా సాగేలా రాశాడు. అదే స్వరం వాయించేవాళ్ళకిచ్చిన పార్టుల్లో (ఒక్కొక్కరి వరుస విడిగా రాసిన కాగితాల్లో) పొట్టిగా, వెంటనే విరామంతో ఉంది. స్కోరు ఒక్కటే చూసిన కండక్టర్ ఆర్గన్‌ను నొక్కిపట్టి ఉంచమంటాడు, సువార్తికుడు ఆ హోరు మీదుగా అరిచి పాడాలి. పార్టులు చూసినవాడు స్వరం వదిలేయమంటాడు, అప్పుడు గాయకుడు మామూలుగా మాట్లాడుతున్నట్టు కథ చెప్పగలుగుతాడు. ఒక్క గుర్తు తేడాతో మూడు గంటల కృతి స్వభావమే మారిపోతుంది. ఇలాంటి నిర్ణయాలు ఒక కచేరీకి వందల సంఖ్యలో ఉంటాయి, మొదటి రిహార్సల్‌కి ముందే అన్నీ అయిపోవాలి.

ఎంతమంది ఉండాలన్నదీ అలాంటి నిర్ణయమే. 1730 ఆగస్టు 23న బాఖ్ లైప్‌జిగ్ నగరసభకు రాసిన వినతిపత్రం ఉంది. పన్నెండు నుంచి పదహారు మంది గాయకులు, పద్దెనిమిది నుంచి ఇరవై మంది వాద్యకారులు ఉంటే గాని చర్చి సంగీతం సక్రమంగా సాగదని మొరపెట్టుకున్నాడు. దాని అర్థం మీద పండితులు నలభై ఏళ్ళుగా పోట్లాడుకుంటున్నారు, ఒక్కో గాత్రానికి ఒక్కరే పాడేవారని వాదించేవాళ్ళూ ఉన్నారు. హాండెల్ 'మెస్సయ్య'కైతే 1754లో లండన్ అనాథశరణాలయంలో జరిగిన కచేరీ జమాఖర్చులు మిగిలాయి. అందులో పద్నాలుగు వయొలిన్లు, ఆరు వయోలాలు, మూడు చెలోలు, రెండు డబుల్ బేస్‌లు, నాలుగు ఓబోలు, నాలుగు బసూన్లు కనిపిస్తాయి. అదే కృతి 1742లో డబ్లిన్‌లో మొదటిసారి వినిపించినప్పుడు వేరే గాయకులు, వేరే పాఠం. ఏ ఏటి పాఠం వాయిస్తున్నాం అనేది కూడా కండక్టరే తేల్చాలి.

శ్రుతి కూడా తేల్చుకోవాలి. మనవాళ్ళు ఒకటిన్నర శ్రుతి అనో, ఐదు శ్రుతి అనో గొంతును బట్టి మార్చుకున్నట్టే ఇక్కడా కచేరీని బట్టి మారుతుంది. ఇప్పటి ఆర్కెస్ట్రా 'ఎ' స్వరాన్ని 440 హెర్ట్జ్ దగ్గర పెడితే, మేం జర్మన్ బరోక్‌కు సాధారణంగా 415 దగ్గర పెడతాం, ఫ్రెంచి ఒపేరాకు చాలాసార్లు 392. తీగలు గొర్రె పేగుతో చేసినవి. ఎండకూ తేమకూ సాగుతాయి, దీపాల వేడికి కచేరీ మధ్యలో తెగుతాయి కూడా. ఆ తీగ మీద విల్లు నొక్కిపట్టి లాగితే గీరుతుంది. వదిలి పట్టి, పలికించి, మళ్ళీ వదిలితే మాటలా వస్తుంది. నాలుగు దెబ్బల తాళంలో మొదటిది బలం, మూడోది కొంచెం బలం, రెండూ నాలుగూ తేలిక. ఆ ఎత్తుపల్లాలే బరోక్ వాక్యానికి ప్రాణం. ఆధునిక ఆర్కెస్ట్రాలనుంచి అతిథిగా వచ్చిన ఒక కండక్టర్ మా బృందాన్ని రెండ్రోజులపాటు "ఇంకా సాగదీయండి, ఇంకా నిండుగా" అని అడుగుతూ ఉన్నారు. మంచి సంగీతకారుడే. మా వాద్యం ఇవ్వలేనిది అడుగుతున్నానని ఆయనకు కచేరీ రోజు దాకా తెలియలేదు. మీ అమ్మాయి ఏదో ఒక బరోక్ వాద్యం చేత్తో పట్టుకోవాలని నేను ఇంతగా చెప్పడం అందుకే.

మీరు మరో భయం కూడా పెట్టుకుని ఉంటారు, "ఎక్కడి హైదరాబాద్, ఎక్కడి బాఖ్" అని. దానికి జవాబు కోబేలో ఉంది. మసాకి సుజుకి 1954లో జపాన్‌లోని కోబేలో పుట్టాడు. పన్నెండేళ్ళకే చర్చిలో ఆర్గన్ వాయించేవాడు. టోక్యోలో చదివి, ఆమ్‌స్టర్‌డామ్ వచ్చి టోన్ కోప్‌మాన్ దగ్గర హార్ప్సికార్డ్, పీట్ కే దగ్గర ఆర్గన్ నేర్చుకున్నాడు. ఐరోపాలోనే ఉండిపోకుండా వెనక్కి వెళ్ళి 1990లో బాఖ్ కొలీజియం జపాన్ స్థాపించాడు. 1995లో కోబేలోని ఒక మహిళా విశ్వవిద్యాలయం ప్రార్థనామందిరంలో కంటాటాల రికార్డింగు మొదలుపెట్టి 2013లో ముగించాడు, యాభై ఐదు సంపుటాలు. జర్మన్ మాతృభాష కాని గాయకులతో ఒక్కో మాట ఉచ్చారణా అర్థమూ సాధన చేయించి పాడించాడు. లైప్‌జిగ్ నగరం 2012లో ఆయనకు బాఖ్ పతకం ఇచ్చింది. నాకు ఈ రంగంలో అందరికన్నా ఎక్కువ గౌరవం ఉన్నది ఈయన మీదే, దాచుకోను.

మన దగ్గరా పూర్తిగా బీడు భూమి ఏమీ కాదు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది. ఆ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ స్వయంగా కట్టిన 'గట్టి దుర్గం' కీర్తనను మన చర్చిల్లో తెలుగులో పాడుకుంటారు. అదే కీర్తన మీద బాఖ్ తన ఎనభయ్యో సంఖ్య కంటాటా అల్లాడు. మీ అమ్మాయి ఏ మతమైనా సరే, నాలుగు గాత్రాల్లో పాడే మంచి చర్చి కోయిర్‌లో ఏడాది పాటు ఆల్టో (ఆడవాళ్ళ కింది గొంతు) వరుసలో నిలబడి పాడితే ఆమెకు దొరికేది పియానో గ్రేడుల్లో దొరకదు. పక్కవాళ్ళ ఊపిరి వినడం అక్కడే అలవాటవుతుంది.

ఆడపిల్ల కదా అని అనుమానం ఉంటే ఎమాన్యుయెల్ ఆయిమ్ గురించి చదవమనండి. హార్ప్సికార్డ్ వాద్యకారిణి, విలియం క్రిస్టీ బృందంలో కంటిన్యువో వాయించింది. 2000లో లె కాన్సర్ దాస్ట్రే అనే సొంత బృందం పెట్టి, ఇవాళ పెద్ద ఒపేరా వేదికల మీద హాండెల్‌ను నడిపిస్తోంది. ఆ క్రిస్టీ కూడా అమెరికాలోని బఫెలోలో పుట్టి, హార్ప్సికార్డ్ పట్టుకుని ఫ్రాన్సు వెళ్ళి, 1979లో లెజార్ ఫ్లోరిసాన్ బృందం పెట్టినవాడే. ఫ్రెంచివాళ్ళు మరిచిపోయిన లుల్లీని 1987లో వాళ్ళ ఒపేరా వేదిక మీదికే తెచ్చి నిలబెట్టాడు.

కంటిన్యువో అన్నాను కదా, అదేమిటో చెప్పాలి. బరోక్ సంగీతమంతా బేస్ వరుస మీద నిలబడుతుంది. స్వరకర్త ఆ వరుస రాసి, స్వరాల దగ్గర చిన్న అంకెలు వేస్తాడు. ఆ అంకెలు చూసి కుడిచేత్తో ఏ స్వరసమూహాలు వెయ్యాలో, ఎన్ని స్వరాలు, ఎంత దట్టంగా, గాయని ఊపిరి తీసుకుంటుంటే ఎంతసేపు ఆగాలో వాయించేవారు అక్కడికక్కడ కల్పించాలి. మనోధర్మం ఉంది, కట్టుబాటూ ఉంది. కచేరీలో అందరూ ఆనుకునేది ఈ మనిషి మీదే. అందుకే బరోక్ కండక్టర్లలో ఇంతమంది కీబోర్డు వాళ్ళు: లియోన్‌హార్ట్, కోప్‌మాన్, పినాక్, హాగ్‌వుడ్, క్రిస్టీ, సుజుకి, ఆయిమ్. మీ అమ్మాయికి పియానో వచ్చు కాబట్టి ఈ తలుపు ఆమెకు సగం తెరిచే ఉంది.

డబ్బు గురించి దాచకుండా చెబుతాను. ఇక్కడ నెల జీతాలు చాలా తక్కువమందికి. మిగతావాళ్ళం ఒక్కో ప్రాజెక్టుకి పిలుపు మీద వెళ్తాం, మూడు నాలుగు రోజులు రిహార్సల్, తర్వాత నాలుగైదు ఊళ్ళలో కచేరీలు, అంతే. నెదర్లాండ్స్‌లో ఈస్టర్ ముందు వారాల్లో ఊరూరా మత్తయి పాషన్ పెడతారు. శ్రీరామనవమి పందిళ్ళ రోజుల్లో మన సన్నాయి వాళ్ళకూ హరిదాసులకూ తీరిక లేనట్టు మాకూ అప్పుడే తీరిక ఉండదు, ఏడాది ఆదాయంలో పెద్ద ముక్క అప్పుడే వస్తుంది. కండక్టర్‌కి పారితోషికం మాకన్నా ఎక్కువే, కానీ బృందం తనదే అయితే మా అందరి డబ్బు వెతకాల్సిన భారమూ తనదే. పేరున్నవాళ్ళకూ ఇది తప్పలేదు. కోప్‌మాన్ కంటాటాల రికార్డింగు మధ్యలో ఉండగా రికార్డు కంపెనీ చేతులెత్తేసింది. ఆయన 2003లో సొంత లేబుల్ (రికార్డులు వేసే సంస్థ) పెట్టుకుని పూర్తిచేశాడు. దానికి పెట్టిన ఆంత్వాన్ మార్షాన్ అనే పేరు తన పేరుకే ఫ్రెంచి అనువాదం, కోప్‌మాన్ అంటే డచ్చిలో వర్తకుడని అర్థం. ఇంగ్లీషు కండక్టర్ జాన్ ఎలియట్ గార్డినర్ 2000లో బాఖ్ కంటాటాలన్నీ పట్టుకుని ఏడాదంతా చర్చిలు తిరిగినప్పుడూ కంపెనీ వెనక్కి తగ్గింది. ఆ రికార్డింగుల కోసం ఆయనా సొంత లేబుల్ పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇంకో చేదు నిజం. ఫ్రైబర్గ్ బరోక్ ఆర్కెస్ట్రా, బెర్లిన్ ఆకడమీ వంటి గొప్ప బృందాలు చాలా కచేరీలు కండక్టర్ లేకుండా, మొదటి వయొలిన్ నాయకత్వంలోనే చేస్తాయి. లండన్‌లో 1986లో పుట్టిన ఒక బృందాన్ని వాద్యకారులే నడుపుకుంటారు, కండక్టర్‌ను వాళ్ళే ఎంచుకుని పిలుస్తారు. అంటే కండక్టర్ లేకపోయినా బాగా వాయించగలిగేవాళ్ళ ముందు మీ అమ్మాయి నిలబడాలి. వాళ్ళకు తెలియనిదేదో ఆమె తీసుకురావాలి. ఇరవై అయిదేళ్ళకు అది సాధ్యం కాదని నేను అనను. రాఫాయెల్ పిషాన్ 1984లో పుట్టి 2006కే పిగ్మాలియన్ బృందం పెట్టాడు. కానీ నలభై దాటాక తలుపు తెరుచుకోవడమే ఇక్కడ మామూలు.

మరి ఇంజనీరింగ్? ఫిలిప్ హెరవేగ బెల్జియంలోని గెంట్‌లో వైద్యం, మానసికవైద్యం చదివాడు. ఆ చదువు నడుస్తున్న రోజుల్లోనే, 1970లో, తోటి విద్యార్థులతో కొలీజియం వొకాలె అనే గాయకబృందం పెట్టాడు. హార్నన్‌కూర్, లియోన్‌హార్ట్ ఆ బృందాన్ని విని తమ కంటాటా రికార్డింగులకు పిలిచారు. తెల్లకోటు పక్కన పెట్టడం ఆ తర్వాత సంగతి. నా సలహా ఇది: మీ అమ్మాయిని ఇప్పుడే రెండింటిలో ఒకటి తేల్చుకోమని నిలదీయకండి. బీటెక్‌లో చేరినా రోజుకు మూడు గంటలు కీబోర్డు దగ్గర కూర్చోగలిగితే, ఆ నాలుగేళ్ళూ వృథా కావు. కూర్చోలేకపోతే ఆమె కోరికకు ఎంత బలముందో ఆమెకే తెలుస్తుంది. అలా కాక ఇప్పుడే సంగీతం వైపు వెళ్తానంటే పియానోలోనో ఆర్గన్‌లోనో ప్రవేశపరీక్ష రాసి, డిగ్రీ తర్వాత హార్ప్సికార్డ్, కంటిన్యువోలకు మారడం నేను చూసిన వాటిలో నిలకడైన దారి. ఇరవై రెండేళ్ళకు వాద్యం మార్చుకున్న నాకు ఆలస్యం కాలేదు. ఆమెకూ కాదు.

చదువుకునే చోట్లు ఎన్నో ఉన్నాయి, ముఖ్యమైనవి చెబుతాను. స్విట్జర్లాండ్ బాసెల్‌లోని స్కోలా కాంటోరం 1933 నుంచి ఈ ఒక్క పని కోసమే ఉంది. హేగ్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో బలమైన విభాగాలున్నాయి. నెదర్లాండ్స్‌లో ఐరోపా బయటివాళ్ళకు ఫీజు ఎక్కువ. జర్మనీలో ప్రభుత్వ సంగీత విద్యాలయాల్లో చాలాచోట్ల ఫీజు నామమాత్రం, ఫ్రైబర్గ్, ట్రోసింగెన్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్ళు సెమిస్టరుకు 1500 యూరోలు కట్టాలి. జర్మన్ భాష ఇప్పటినుంచే మొదలుపెట్టించండి, బాఖ్ మాటలు తెలియకుండా బాఖ్‌ను నడిపించలేరు. తర్వాత ఇటాలియన్, ఫ్రెంచి. వీలుంటే కొంత నాట్యం కూడా. మినుయెట్, సారబాండ్, జీగ్ అన్నీ కాళ్ళతో పుట్టిన సంగీతం, అడుగు ఎక్కడ పడుతుందో ఒంటికి తెలియాలి.

ఈ నెలలో చెయ్యగలిగిన పని ఒకటి చెబుతాను, దానికి పైసా ఖర్చు లేదు. 1736లో షెమెల్లీ అనే ఆయన ఒక భక్తిగీతాల సంకలనం అచ్చువేయించాడు. దానికి సంగీతం చూసింది బాఖ్. అందులో అరవై తొమ్మిది పాటలకు పైన వరుస, కింద అంకెలు వేసిన బేస్, అంతే ఉంటాయి. హక్కులు ఎప్పుడో తీరిపోయాయి, నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ అమ్మాయిని ఒక పాట తీసుకుని, ముందు బేస్ వరుస ఒక్కటే ఎడమచేత్తో వాయిస్తూ పై వరుస తనే పాడమనండి. నాలుగు రోజులు అంతే. ఆ తర్వాత అంకెలు చూసి కుడిచేతి స్వరాలు కాగితం మీద రాయమనండి, తప్పులు వస్తాయి, రానివ్వండి. అలా అయిదు పాటలు రాశాక ఆ కాగితాలు ఫొటో తీసి, ఆమె పాడుతూ వాయించింది ఫోన్లో రికార్డు చేసి ఇక్కడే పెట్టండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో నాకు ఊపిరాడదు గాని, అది తప్పితే ఎప్పుడు పంపినా ఒక్కో బార్ చూసి రాస్తాను.